పిల్లి గిన్నెలో కూరగాయ ఎంత, ఎముక ఎంత?

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పిల్లుల తిండి గురించినవే. వాటిలో ఒకటి చాలా వివరంగా రాసినది, పైగా ఇటీవల చాలా ఇళ్లలో జరుగుతున్న పొరపాటును కళ్లకు కట్టేది కావడం వల్ల దానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను. మిగిలినవాటికి అవసరమైనంత మేరకే జవాబిస్తాను.

ప్రశ్న: మేము హనుమకొండ నయీంనగర్‌లో మూడో అంతస్తులోని ఫ్లాటులో ఉంటాము. మా పిల్లి ఆడది, వయసు మూడేళ్లు, బరువు 4 కిలోలు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాము. అది గడప దాటి ఎరుగదు. ఇన్నాళ్లూ బజారులో దొరికే పొడి మేత పెట్టాము. రెండు నెలల నుంచి నేనే పచ్చి మాంసంతో తిండి తయారు చేస్తున్నాను. 60 పాళ్లు కోడి బ్రెస్ట్ మాంసం, 40 పాళ్లు తురిమిన క్యారెట్, బీట్‌రూట్, పాలకూర కలుపుతున్నాను. మనకు చెప్పినట్టే దానికీ మాంసకృత్తులూ కూరగాయలూ సరిసమానంగా అందాలని నా ఉద్దేశం. అది మాంసం ఏరుకుని తిని కూరగాయలను గిన్నె అంచుకు నెట్టేస్తోంది. విరేచనం కూడా పలచగా అవుతోంది. కూరగాయల పాలు ఎంత ఉంచాలి? మా అత్తమ్మేమో "ఊర్ల మా పిల్లి పాలు బువ్వ తిని పద్నాలుగేండ్లు బతికింది, గివన్నీ ఎందుకు?" అంటారు. ఎవరి మాట వినాలో తెలియడం లేదు. — ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: కూరగాయలను 40 పాళ్ల నుంచి 5 పాళ్లకు దించండి. పూర్తిగా మానేసినా మీ పిల్లికి నష్టం లేదు. మీరు అడిగినదానికి జవాబు ఇంతే. అయితే మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టినది కూరగాయల పాలు కాదు, కాల్షియం ఊసే లేకపోవడం. రెండు నెలలుగా మీ పిల్లి ఎముక లేని మాంసం మాత్రమే తింటోంది. మాంసానికి తూకం కుదరవలసింది ఎముకతో గానీ క్యారెట్‌తో కాదు.

లెక్క చూడండి. చర్మం తీసిన కోడి మాంసం 100 గ్రాముల్లో భాస్వరం ఇంచుమించు 200 మిల్లీగ్రాములు ఉంటే, కాల్షియం 10 మిల్లీగ్రాముల చుట్టుపక్కలే ఉంటుంది. అంటే ఒకటికి ఇరవై. పిల్లి శరీరానికి కావలసినదేమో భాస్వరంతో సమానంగానో అంతకు కొంచెం ఎక్కువగానో కాల్షియం. తిండిలో ఆ తూకం తప్పినప్పుడు గొంతు దగ్గరి పారాథైరాయిడ్ గ్రంథులు రక్తంలో కాల్షియం తగ్గకుండా చూడడానికి ఎముకల్లో దాచుకున్నదాన్ని తోడి పోస్తాయి. అందువల్ల రక్త పరీక్షలో కాల్షియం సరిగానే కనిపిస్తుంది, లోపల ఎముక మాత్రం గుల్లబారుతూ పోతుంది. ఎదిగే పిల్లి కూనల్లో ఈ నష్టం కొద్ది వారాల్లోనే బయటపడుతుంది. సోఫా మీంచి దూకితే కాలు విరిగిందని తీసుకొచ్చే కూనల్లో కొన్నింటి కథ ఇదే. ఎదిగిన పిల్లిలో నెలలు పడుతుంది కాబట్టి మీకు ఇంకా వ్యవధి ఉంది, కానీ ఆలస్యం చేయవలసిన విషయం కాదు.

ఇక మాంసకృత్తులు తక్కువవుతాయేమో, ఎక్కువవుతాయేమో అన్న మీ బెంగ గురించి చెబుతాను. అమెరికాలో పశువుల మేతకు ప్రమాణాలు నిర్ణయించే సంఘం, తేమను మినహాయించి లెక్కించినప్పుడు ఎదిగిన పిల్లి మేతలో కనీసం 26 శాతం మాంసకృత్తులూ 9 శాతం కొవ్వూ ఉండాలని చెబుతుంది. కూరగాయల్లో ఎక్కువ భాగం నీరే కనుక, తేమ తీసేసి చూస్తే మీ మిశ్రమంలో కూడా మాంసకృత్తులు 70 శాతం దాకా తేలుతాయి. కాబట్టి అక్కడ లోటేమీ లేదు. లోటు ఉన్నది కొవ్వులో. బ్రెస్ట్ మాంసంలో కొవ్వు చాలా తక్కువ కావడంతో మీ గిన్నె ఆ 9 శాతానికి కూడా అందడం కష్టం. మనం ఒళ్లు తగ్గడానికి ఎంచుకునే ముక్కనే పిల్లికీ మేలనుకుని ఎంచుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. స్వేచ్ఛగా తిరిగి వేటాడుకునే పిల్లులు తినేదాన్ని లెక్కగట్టినప్పుడు, వాటికి అందే శక్తిలో 52 శాతం మాంసకృత్తుల నుంచి, 46 శాతం కొవ్వు నుంచి వస్తోందనీ, పిండి పదార్థాల వాటా 2 శాతమేననీ తేలింది. మీ పిల్లి కూరగాయలను అంచుకు నెట్టడం మొండితనం కాదు, దాని ఒంటి తీరే అది. తీపి రుచిని పట్టే గ్రాహకం తయారు కావడానికి అవసరమైన జన్యువు పిల్లి జాతిలో పనిచేయదు కాబట్టి బీట్‌రూట్ తియ్యదనం దానికి తెలియనే తెలియదు.

మీరు ఎంచుకున్న మూడు కూరగాయల్లో ఒక్కటీ మీరు ఆశించిన పని చేయదు. క్యారెట్‌లోని పసుపు వర్ణకాన్ని మన శరీరం ఎ విటమిన్‌గా మార్చుకుంటుంది, పిల్లి మార్చుకోలేదు. దానికి ఎ విటమిన్ తయారుగా ఉన్న రూపంలో, అంటే కార్జం నుంచో గుడ్డు సొన నుంచో అందవలసిందే. పాలకూరలోని ఆక్సలేట్ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, పైగా మూత్రంలో ఆక్సలేట్ రాళ్లు కట్టే తత్వం ఉన్న పిల్లికి అది అసలే పడదు. బీట్‌రూట్ వల్ల ఒరిగేది చక్కెర మాత్రమే. తురిమినా సరే, పచ్చి కూరగాయల కణాల గోడలను పిల్లి పొట్టి పేగు అరిగించుకోలేదు. పలచటి విరేచనానికి ఇది ఒక కారణం కావచ్చు. పచ్చి మాంసంలోని సూక్ష్మజీవులు కూడా కారణం కావచ్చు కాబట్టి మల పరీక్ష చేయించాలి.

అయితే కూరగాయ పూర్తిగా దండగ అని కూడా నేను అనను. ఇంట్లోనే ఉండే పిల్లి కదలిక తక్కువ. రోజంతా ఒళ్లు నాకుతూ వెంట్రుకలు మింగుతుంది. కొన్నింటికి మలబద్ధకం ఉంటుంది. వేటాడే పిల్లికి ఎలుక బొచ్చూ పిట్ట ఈకలూ చేసే పనిని ఇంటి పిల్లికి కొద్దిపాటి పీచు చేయగలదు. మెత్తగా ఉడికించి మెదిపిన గుమ్మడికాయ రోజుకు ఒక చెంచా చాలు. గుమ్మడి దొరకనప్పుడు బీన్స్ గానీ ఆనిగెపుకాయ గానీ అలాగే ఉడికించి వాడుకోవచ్చు. ఉప్పు, నూనె, పోపు ఏవీ ఉండకూడదు. ఉల్లి, వెల్లుల్లి పేరు కూడా ఎత్తవద్దు. అవి పిల్లి రక్తంలోని ఎర్ర కణాలను చితికిపోయేలా చేస్తాయి.

బ్రెస్ట్ మాంసం విషయంలో ఇంకొక చిక్కు టౌరిన్. మన ఒంట్లో దానంతట అదే తయారయ్యే ఈ పదార్థాన్ని పిల్లి చాలినంతగా తయారు చేసుకోలేదు. ఇది లోపిస్తే పిల్లి కంటి రెటీనా దెబ్బతిని చూపు పోతుందని 1975లోనూ, గుండె కండరం సాగి బలహీనపడుతుందని 1987లోనూ శాస్త్రవేత్తలు నిరూపించారు. ఆ తర్వాతే కంపెనీలు తమ మేతల్లో టౌరిన్ పెంచాయి. ఎక్కువగా కొట్టుకునే, నడిచే కండరాల్లో టౌరిన్ దండిగా ఉంటుంది. అందుకే కోడి తొడ మాంసంలో బ్రెస్ట్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, గుండెలోనూ ఎక్కువే. కోడి గుండెకాయలు మన చికెన్ దుకాణాల్లో కార్జం, కందనకాయలతో కలిపి అమ్ముతారు. ముందే చెబితే విడిగా ఇస్తారు, ధర కూడా తక్కువే.

మీ అత్తమ్మగారు చెప్పింది అబద్ధం కాదు, కానీ ఆమె చెప్పినది సగమే. ఊళ్లో పిల్లికి పాలు, బువ్వ పెట్టేవారు, నిజమే. ఆ ఇంట్లో వడ్ల గరిసె కూడా ఉండేది. గరిసె చుట్టూ ఎలుకలు, పెరట్లో తొండలు, పిట్టలు ఉండేవి. ఎలుకను తలతో, గుండెతో, కార్జంతో, ఎముకలతో సహా తిన్న పిల్లికి టౌరిన్, కాల్షియం, ఎ విటమిన్ అన్నీ అందులోనే వచ్చేవి. పాలబువ్వ దానికి ఫలహారం, అసలు భోజనం రాత్రిపూట గరిసె కింద జరిగేది. మీ మూడో అంతస్తులో గరిసె లేదు కాబట్టి, మీరు గిన్నెలో పెట్టనిది ఏదీ దానికి ఇంకెక్కడా దొరకదు. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు సరిగా అరగవు కూడా, కాబట్టి ఇప్పుడున్న విరేచనాలకు పాలు తోడు చేయకండి.

ఇక ఏం పెట్టాలి? ఆపరేషన్ అయిన, ఇంట్లోనే ఉండే 4 కిలోల పిల్లికి రోజుకు సుమారు 200 కిలో క్యాలరీలు సరిపోతాయి. దానికి తగినట్టుగా చర్మం తీసిన కోడి తొడ మాంసం 130 గ్రాములు, గుండెకాయ 15 గ్రాములు, కార్జం 6 గ్రాములు, సగం గుడ్డు పచ్చసొన, ఉడికించి మెదిపిన గుమ్మడి 8 గ్రాముల దాకా, గుడ్డు పెంకు పొడి 1 గ్రాము తీసుకోండి. పెంకులను కడిగి, పది నిమిషాలు మరిగించి, ఎండబెట్టి, మిక్సీలో పిండిలా మెత్తగా పట్టాలి. గరుకుగా ఉంటే పిల్లి తినదు. ఒక గ్రాము పొడిలో 380 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. పైన చెప్పిన మాంసంలోని భాస్వరానికి అది సరిగ్గా తూగుతుంది. గ్రాము అంటే టీస్పూన్‌లో పావు వంతుకు కొంచెం తక్కువే అయినా, చెంచాలను నమ్ముకోవడం కన్నా గ్రాములు చూపే చిన్న తూకం యంత్రం ఒకటి కొనుక్కోవడం మంచిది. కార్జం విషయంలో చేయి జారకూడదు. పిల్లి ఇష్టంగా తింటోందని రోజూ కార్జమే పెడితే ఎ విటమిన్ పేరుకుపోయి మెడ ఎముకలు ఒకదానికొకటి అతుక్కుని, మెడ తిప్పలేని స్థితి వస్తుంది.

ఇంత చేసినా ఈ మిశ్రమం సంపూర్ణాహారం కాదని స్పష్టంగా చెప్పాలి. ఇందులో ఇ విటమిన్, అయోడిన్, జింక్, మాంగనీస్ చాలవు, థయామిన్ (బి1 విటమిన్) కూడా అంచున ఉంటుంది. పిల్లుల ఇంటి తిండిలో కలపడానికే తయారైన విటమిన్–ఖనిజ మిశ్రమాన్ని, టౌరిన్ పొడిని పశువైద్యుడు మోతాదు రాసిచ్చిన ప్రకారం కలపవలసిందే. మనుషుల మల్టీవిటమిన్ మాత్ర సగం విరిచి వేయడం పరిష్కారం కాదు. అంత శ్రద్ధ పెట్టడం వీలు కాదనుకుంటే నా సలహా వేరు. 'సంపూర్ణ, సమతులాహారం' అని ముద్రించిన తడి మేతనో పొడి మేతనో ప్రధానంగా ఉంచి, ఇంటి మాంసాన్ని రోజువారీ తిండిలో పదో వంతుకు మించకుండా రుచి కోసం పెట్టండి. ఆ పదో వంతుకు ఏ తూకమూ అక్కర్లేదు. పొడి మేతలో తేమ 10 శాతానికి అటూ ఇటూ ఉంటుంది, మాంసంలో 75 శాతం దాకా ఉంటుంది. పిల్లి సహజంగా నీళ్లు తక్కువ తాగే జంతువు కాబట్టి, మూత్రాశయం మేలు కోరి కొంత తడి తిండి పెట్టడం మాత్రం మంచి అలవాటే.

పచ్చిగా పెట్టాలా, ఉడికించాలా అని మీరు అడగలేదు గానీ నేను చెప్పకుండా ఉండలేను. ఉడికించండి. వరంగల్‌లో మే నెలలో ఎండ 43, 44 డిగ్రీలకు చేరుతుంది. పొద్దున కోసి, దుకాణంలో తగిలించిన కోడిని మధ్యాహ్నం తెచ్చి పచ్చిగా గిన్నెలో పెట్టి సాయంత్రం దాకా ఉంచితే సాల్మొనెల్లాకు పండుగే. ఫ్రీజర్‌లో పెడితే ఆ క్రిములు చావవు, నిద్రపోతాయి. పిల్లికి ఏ జబ్బూ కనబడకపోయినా దాని మలంలో, మూతిలో ఆ క్రిములు ఉండి ఇంట్లో చిన్నపిల్లలకూ పెద్దవాళ్లకూ అంటుకోవచ్చు. అమెరికా పశువైద్య సంఘం 2012లోనే పచ్చి మాంసం మేపును ప్రోత్సహించవద్దని తీర్మానించింది. 2024 డిసెంబరులో ఆ దేశంలోని ఒరెగాన్‌లో, గడప దాటని ఇంటి పిల్లి ఒకటి గడ్డకట్టించిన పచ్చి టర్కీ కోడి మేత తిని బర్డ్ ఫ్లూతో చనిపోయింది. మేతలోని వైరస్, పిల్లిలోని వైరస్ ఒకటేనని పరీక్షల్లో తేలింది. 2025 ఫిబ్రవరిలో మన పొరుగున ఉభయ గోదావరి జిల్లాల కోళ్లలో ఇదే జబ్బు వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది.

ఉడికిస్తే పోషకాలన్నీ పోతాయన్న ప్రచారంలో కొంత నిజం ఉంది, దానికి ఉపాయమూ ఉంది. టౌరిన్ నీళ్లలో కరుగుతుంది కానీ వేడికి నశించదు. ముక్కలను నిండా నీళ్లు పోసి మరిగించి ఆ నీళ్లు పారబోస్తేనే నష్టం. చిన్న గిన్నెలో రెండు మూడు చెంచాల నీళ్లతో, మూత పెట్టి, లోపలి గులాబి రంగు పోయే వరకు ఆవిరి మీద మగ్గనిచ్చి, దిగిన రసంతో సహా మెదిపి పెట్టండి. పెంకు పొడి, టౌరిన్, విటమిన్లు చల్లారిన తర్వాతే కలపాలి. ఉడికిన ఎముక పెళుసుబారి సూదిలా చీలుతుంది కాబట్టి ఒక్క ముక్క కూడా మిగలకుండా తీసేయాలి. తయారైనది ఫ్రిజ్‌లో రెండు రోజులు, ఫ్రీజర్‌లో మూడు నాలుగు వారాలు ఉంచుకోవచ్చు. గిన్నెలో పెట్టినది అరగంటలో తినకపోతే తీసేయండి.

పాత తిండి నుంచి కొత్తదానికి పది రోజుల వ్యవధిలో కొద్దికొద్దిగా మార్చండి. ఆకలేస్తే అదే తింటుందిలే అని పస్తు ఉంచడం కుక్కకు చెల్లుతుందేమో గానీ పిల్లికి చెల్లదు. రెండు మూడు రోజులు తినకపోతే, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లిలో, ఒంటి కొవ్వంతా కాలేయంలో చేరి ప్రాణం మీదికి వస్తుంది. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే పాత మేత పెట్టేయండి. ఈ వారంలోనే పశువైద్యుడికి చూపించండి. మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, మీకు దూరమేమీ కాదు. కాళ్ల ఎముకలకు ఒక ఎక్స్‌రే, గుండె చప్పుడు, మల పరీక్ష ఇప్పటికి చాలు. రెండు వారాలకొకసారి పిల్లిని ఎత్తుకుని తూకం ఎక్కి, తర్వాత మీ బరువు తీసేసి రాసిపెట్టుకోండి.

ప్రశ్న: మాది కరీంనగర్. మా ఆయన మానేరు డ్యామ్ దగ్గర తాజా చేపలు తెస్తారు. పిల్లికి చేపే ప్రాణం కదా అని అయిదు వారాలుగా రెండు పూటలా పచ్చి చేపే పెడుతున్నాము. వారం నుంచి అది తల కిందికి వంచి నడుస్తోంది, తూలుతోంది. వయసు వల్లనా? — ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఇది చదివిన వెంటనే పత్రిక పక్కన పెట్టి పశువైద్యశాలకు బయలుదేరండి. గడ్డం ఛాతీకి తగిలేలా మెడ వంగిపోవడం, తూలడం బి1 విటమిన్, అంటే థయామిన్, లోపించినప్పుడు కనిపించే లక్షణాలు. తర్వాత మూర్ఛలు వస్తాయి. సకాలంలో ఇంజెక్షన్లు ఇస్తే చాలా పిల్లులు ఒకటి రెండు రోజుల్లోనే తేరుకుంటాయి, ఆలస్యమైతే మెదడుకు కలిగిన నష్టం మిగిలిపోతుంది. మెడ వంగడానికి రక్తంలో పొటాషియం తగ్గడం వంటి వేరే కారణాలు కూడా ఉన్నాయి కాబట్టి అక్కడ రక్త పరీక్ష చేస్తారు. ఎన్నాళ్లుగా పచ్చి చేప పెట్టారో ముందుగా చెప్పండి, సగం దారి అక్కడే తేలుతుంది.

కార్ప్ కుటుంబపు మంచినీటి చేపల్లో చాలావాటి మాంసంలో, పేగుల్లో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. పేరుకు తగ్గట్టే అది థయామిన్‌ను విరగ్గొడుతుంది. మన చెరువుల్లో పెంచే బొచ్చె, రవ్వ కూడా ఈ కుటుంబానివే. ఉడికిస్తే ఆ ఎంజైమ్ పనిచేయడం ఆగిపోతుంది. కాబట్టి చేప విషం కాదు, పచ్చి చేపను రోజూ పెట్టడమే ప్రమాదం. పిల్లి కోలుకున్న తర్వాత వారానికి ఒకటి రెండుసార్లు, ముళ్లు తీసి ఉడికించిన చేపను మిగతా తిండితో కలిపి పెట్టవచ్చు. ఎండు చేపలు మాత్రం ఉప్పు వల్ల వద్దు.

ప్రశ్న: భూపాలపల్లిలో ఉంటాము. మా కోడలికి మూడో నెల. ఇంట్లో పిల్లి ఉంటే కడుపులో బిడ్డకు ముప్పు అని బంధువులు భయపెడుతున్నారు. పిల్లికి అప్పుడప్పుడు పచ్చి మటన్ ముక్కలు వేస్తాము. దాన్ని ఎక్కడైనా వదిలేయాలా? — ఒక పాఠకుడు, భూపాలపల్లి

జవాబు: పిల్లిని వదిలేయనక్కర్లేదు, పచ్చి మటన్ వేయడం మాత్రం ఈ పూట నుంచే మానాలి. మీ బంధువుల భయం వెనక ఉన్నది టాక్సోప్లాస్మా అనే ఏకకణ పరాన్నజీవి. గర్భిణికి అది మొదటిసారిగా ఆ సమయంలోనే సోకితే బిడ్డ కళ్లకూ మెదడుకూ హాని జరగవచ్చు, గర్భస్రావం కూడా కావచ్చు. కాబట్టి ఆ భయాన్ని మూఢనమ్మకమని కొట్టివేయలేము. అయితే అది ఇంట్లోకి వచ్చే దారి తెలిస్తే ఆ దారిని మూసేయడం కష్టం కాదు.

పిల్లికి అది ఎలుకల వల్లనో, మీరు వేసే పచ్చి మాంసంలోని తిత్తుల వల్లనో సోకుతుంది. సోకిన తర్వాత పిల్లి సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాల పాటు మాత్రమే మలంలో దాని గుడ్ల వంటి కణాలను విడుస్తుంది, ఆ తర్వాత చాలావరకు ఆగిపోతుంది. ఆ కణాలు కూడా బయటపడిన వెంటనే అంటుకోవు, అంటుకునే దశకు రావడానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. కాబట్టి మలం పెట్టెను ప్రతిరోజూ శుభ్రం చేసే ఇంట్లో ప్రమాదం చాలా తగ్గిపోతుంది. ఆ పని కోడలు కాక ఇంకెవరైనా చేయాలి. తప్పనప్పుడు గ్లౌజులు తొడుక్కుని, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పిల్లిని ముట్టుకున్నందువల్ల, అది పక్కన పడుకున్నందువల్ల ఈ జబ్బు రావడం అరుదు.

చాలామంది పట్టించుకోని సంగతి ఇంకొకటి ఉంది. మనుషులకు ఇది ఎక్కువగా సరిగా ఉడకని మాంసం వల్ల, మట్టి అంటిన ఆకుకూరలు కడగకుండా తినడం వల్ల, మట్టిలో చేతులు పెట్టి పనిచేయడం వల్ల వస్తుంది. మటన్ కోసిన కత్తిపీటతోనే కీర దోసకాయ కోసి కోడలికి ఇచ్చే ఇంట్లో పిల్లిని తరిమేసినా లాభం లేదు. మైనస్ 12 డిగ్రీల చలిలో మూడు రోజులు ఉంచితే మాంసంలోని ఆ తిత్తులు చాలావరకు చస్తాయి, కానీ కరెంటు పోతూ వస్తూ ఉండే ఇళ్లలో ఫ్రీజర్‌ను నేను నమ్మను. పొయ్యినే నమ్ముతాను. కోడలిని చూస్తున్న డాక్టరుగారితో మాట్లాడితే, ఇదివరకే సోకి రోగనిరోధక శక్తి వచ్చిందో లేదో రక్త పరీక్ష ద్వారా తెలుసుకోవచ్చు.

ప్రశ్న: మేము శాకాహారులము. పిల్లికి పప్పు, పనీర్, సోయా ముక్కలతో చాలినన్ని మాంసకృత్తులు అందించవచ్చు కదా? — ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: అందించలేరు. గ్రాముల లెక్కన మాంసకృత్తులు సరిపోయినా, పప్పులోనూ సోయాలోనూ టౌరిన్ ఉండదు, పిల్లి వాడుకోగల ఎ విటమిన్ ఉండదు, అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం ఉండదు. మనం ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి నియాసిన్ (బి3 విటమిన్) తయారు చేసుకుంటాము, పిల్లికి ఆ దారి కూడా దాదాపు మూసుకుపోయినదే. పనీర్ ముక్క ఎప్పుడైనా రుచికి వేయవచ్చు గానీ భోజనం కాదు. వంటింట్లోకి మాంసం రానివ్వకూడదన్న మీ నియమాన్ని నేను గౌరవిస్తాను. దానికి వీలైన మార్గం, ప్యాకెట్లలో దొరికే సంపూర్ణ మేత కొని, విడి గిన్నెలో, బాల్కనీలో పెట్టడం. అదీ కుదరదనుకుంటే, శాకాహారంతో నిక్షేపంగా బతికే కుందేలు వంటి జంతువును పెంచుకోవడం మీకూ దానికీ సుఖం.

ప్రశ్న: పెళ్లి భోజనంలో మిగిలిన బిర్యానీలోని ముక్కలను కడిగి పిల్లికి పెట్టవచ్చా? — ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: వద్దు. మసాలా కడిగితే పోతుంది గానీ, ఉల్లి వెల్లుల్లి రసంలో గంటల తరబడి నానిన ముక్కలోంచి ఆ రసం పోదు. వేయించిన ఉల్లిలోనూ ఎండిన ఉల్లి పొడిలోనూ ఆ హానికర పదార్థాలు అలాగే ఉంటాయి. తిన్న రెండు నుంచి అయిదు రోజుల తర్వాత చిగుళ్లు పాలిపోవడం, ఆయాసపడడం, మూత్రం ముదురు రంగులోకి మారడం కనిపిస్తే దవాఖానకు తీసుకెళ్లాలి. ఇంకోసారి అలాంటి వంట ఉన్నప్పుడు, మసాలా పట్టించక ముందే రెండు ముక్కలు పక్కన తీసి విడిగా ఉడికించండి.